ఎక్కి దిగిన మిషను

ముందు అసలు మాట చెప్పేస్తాను. నేను ఎక్కింది డయాలసిస్ మిషను కాదు. నా కిడ్నీలు రెండూ బాగున్నాయి, అప్పుడూ బాగానే ఉన్నాయి. నేను ఎక్కిన మిషను వేరు, దాని పని వేరు. దాన్ని ఎక్కాను, దిగాను, ఇంటికి వచ్చాను. తిరువూరులో నా ఎరువుల కొట్టులో కూర్చుని, నా వేళ్ళతోనే కలం పట్టుకుని ఇది రాస్తున్నాను. ఆ వేళ్ళ మీద చర్మం కొత్తది. ఇంకా ఎండకు చురుక్కుమంటోంది. ఆ చురుకు కూడా నాకు సంతోషంగానే ఉంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. దీనికి పూర్తిగా తలకిందులైన మాటను ఊరంతా చాటింది నేనే. నిరుడు కార్తీకంలో ఇదే కొట్టు ముందు కూర్చుని, "చర్మం జబ్బని పోతే డయాలసిస్ ఎక్కిస్తామన్నారు, తప్పించుకొచ్చాను" అని వచ్చినవాడికల్లా చెప్పాను. ఎరువుల కొట్టులో పుట్టిన మాట బస్తాల కంటే ముందే ఊళ్ళకు చేరుతుంది. అది రెడ్డిగూడెంలో కోటేశ్వరమ్మ అనే ఇల్లాలిదాకా వెళ్ళింది. ఆమెకూ నా జబ్బే. ఆమెకూ డాక్టర్లు ఆ మిషనే చెప్పారు. నా మాట నమ్మి ఆమె ఎక్కనంది. కనుక ఇది నా ఒక్కడి అనుభవం కాదు. ఆమె కోసం మొదలుపెట్టి రాస్తున్నది.

వానాకాలం

నాకు జబ్బు నోట్లో మొదలైంది. పచ్చిమిరపకాయ లేనిదే పెరుగన్నం దిగని నోరు నాది. ఒకరోజు పప్పన్నం ముద్ద పెట్టుకుంటే నిప్పు మింగినట్టయింది. అద్దంలో చూసుకుంటే బుగ్గల లోపల చర్మం తడిసిన కాగితంలా ఊడి ఉంది. వేడి చేసిందనుకున్నాను. మజ్జిగ తాగాను, సబ్జా గింజలు తాగాను, మెడికల్ షాపులో బి-కాంప్లెక్సు కొనుక్కుని మింగాను. తర్వాత ఛాతీ మీద పొక్కులు లేచాయి. పట్టుకుంటే పగిలేవి, పగిలిన చోట పచ్చి మాంసం. చొక్కా విప్పాలంటే నీళ్ళు పోసి నానబెట్టాలి.

కొట్టుకు వచ్చిన వాళ్ళు తలా ఒక పేరు పెట్టారు. సర్పి అన్నారు, అమ్మవారన్నారు, పురుగుమందు పడలేదన్నారు. నేను పురుగుమందు ఖాయం చేసుకున్నాను. అమ్మేవాణ్ణి నేనే కదా, నాకు తెలియదా అని. టీ తెచ్చే సుబ్బారావు అందరికీ గాజు గ్లాసులో పోసి నాకు మాత్రం కాగితం గ్లాసు తేవడం మొదలుపెట్టాడు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే గుచ్చుకుంది.

చివరికి నా భార్య విజయ పట్టుబట్టి విజయవాడ తీసుకెళ్ళింది. వెయిటింగ్ హాల్లో అందరూ కుర్చీల్లో వెనక్కి వాలి కూర్చుంటే, నేను కుర్చీ అంచున నిటారుగా కూర్చున్నాను. వీపు ఆనిస్తే అంటుకుంటుంది. పక్క కుర్చీలు రెండువైపులా ఖాళీ. ఆ ఖాళీ కుర్చీల్లో ఒకదానిలో విజయ కూర్చుని, సంచి రెండోదానిలో పెట్టింది, ఖాళీ కనబడకుండా.

డాక్టరమ్మ చూసి పెంఫిగస్ అంది. అరుదుగా వస్తుందట. మన ఒంటికి కాపలా కాసే సరుకే పొరబడి, చర్మాన్ని అతికి ఉంచే జిగురును శత్రువనుకుని తినేస్తుందట. "ఇది అంటుకునే జబ్బు కాదు" అని చెప్పి, పొక్కు లేని చోటు చూసి నా భుజం మీద చెయ్యి వేసింది. ఎన్నాళ్ళకో ఒక పరాయి మనిషి నన్ను ముట్టుకుంది. ఆ చెయ్యి మీదే ధ్యాస ఉండి, ఆమె చెప్పిన మందుల జాగ్రత్తలు సగం వినలేదు. విజయ విన్నది.

కార్తీకం

మాత్రలతో మొహం ఉబ్బింది, షుగరు పెరిగింది, పొక్కులు మాత్రం తగ్గలేదు. చాలామందికి మందులతోనే తగ్గుతుందని, నాకు తగ్గడం లేదని, ఇంకో దారి ఉందని డాక్టరమ్మ చెప్పింది. విజయ అప్పుడు కింద మందుల క్యూలో ఉంది.

"మీ రక్తాన్ని బయటికి తీసి, మిషనులోకి పంపి..." అని ఆమె మొదలుపెట్టింది. ఆ తర్వాత మాట నా చెవికెక్కలేదు.

ఎందుకంటే మా వైపు మిషను అంటే ఒకటే. ఎ.కొండూరు దగ్గర తండాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టుకుందో మా కొట్టులో తెలిసినంత ఎవరికీ తెలియదు. పత్తి మందుకు వచ్చే మనిషి ఒక ఏడు నీరసంగా వస్తాడు, మరుసటి ఏడు కొడుకు వస్తాడు. "నాన్న మిషను ఎక్కాడండి" అంటాడు. ఇక ఆ ఇంట్లో అన్నీ మిషను చుట్టూ తిరుగుతాయి. ఎక్కినవాడు దిగాడని మేము ఎన్నడూ వినలేదు. కిడ్నీ కాకుండా ఇంకో పనికి రక్తాన్ని మిషనులో తిప్పుతారన్న ఊహే నాకు లేదు.

బాత్రూముకని చెప్పి లేచాను. లిఫ్టు దిగి, కారు దగ్గర ఉన్న బావమరిది రమేష్ దగ్గరికి వెళ్ళాను.

"ఏంటి బావా, అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది. మీ అక్కకు ఫోన్ చెయ్యి. వెళ్ళిపోదాం."

కారు మైలవరం చేరింది. అప్పుడు విజయ అడిగింది, "డాక్టరమ్మ ఏమందండీ?"

"డయాలసిస్ చేస్తుందట."

"మీ కిడ్నీ పరీక్ష బాగుందని నిన్ననే కదా చెప్పారు?"

"అదే చెప్తున్నా. బాగున్నవాడికి డయాలసిస్ ఏంటి? నమ్మకూడదు వీళ్ళని."

ఇంటికి రాగానే ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఎత్తిన నర్సు తిట్టలేదు. ఓపిగ్గా అంతా చెప్పి, వీలైనంత త్వరగా తీసుకు రమ్మని, అందాకా దుప్పటి ఒంటికి అంటుకోకుండా అరటాకుల మీద పడుకోబెట్టమని కూడా చెప్పింది.

"అది డయాలసిస్ కాదంటండీ. ప్లాస్మా అంట, రక్తంలో ఉండే నీరు, అది మారుస్తారంట. కొన్నిసార్లు చేసి ఆపేస్తారంట."

"రక్తం బయటికి పోయి మిషనులో తిరిగి వస్తుందా, లేదా?"

"వస్తుంది."

"మరి అదే ఇది."

"ఊళ్ళో వాళ్ళందరి పొలాలకూ డబ్బా మీద రాసింది చదివి మందు చెప్తారు. మీ ఒంటికొచ్చేసరికి చదవరు, చదివినవాళ్ళు చెప్తే వినరు" అంది. నేను లేచి కొట్టుకు వెళ్ళిపోయాను.

అక్కడే ఆ మాట చెప్పడం మొదలుపెట్టాను. చెప్పిన కొద్దీ రుచి పుట్టింది. పారిపోయి వచ్చినవాణ్ణి తెలివిగా తప్పించుకున్నవాణ్ణి అయ్యాను. అలా చెబుతున్న రోజుల్లో రెడ్డిగూడెం నుంచి నాగేశ్వరరావు వచ్చాడు. మామిడి తోట కౌలుకు చేస్తాడు, పూతకు ముందు కొట్టే మందు కోసం వచ్చాడు. మందు తీసుకుని వెళ్ళకుండా నిలబడ్డాడు.

"అయితే మిషను వద్దంటారా ప్రసాద్ గారూ?"

"చచ్చినా వద్దు."

"మాత్రలతో తగ్గకపోయినా?"

"తగ్గకపోతే పోనీ. ఎక్కితే దిగేది లేదు."

తలూపి వెళ్ళిపోయాడు. నా గురించి బెంగపడి అడిగాడనుకున్నాను. అతని భార్య నోట్లో అప్పటికే పుళ్ళు లేచి ఉన్నాయని అతను చెప్పలేదు. నేను అడగలేదు.

మాఘం

ఆ రెండు నెలలు అరటాకుల మీద గడిచాయి. రమేష్ తన తోటలో లేత ఆకులు కోసి పంపేవాడు. విజయ ఒక్కో ఆకునూ తడిబట్టతో తుడిచి, ఈనె చెక్కి, నూనె రాసి మంచం మీద పరిచేది. చల్లగా, జారుడుగా, హాయిగా ఉండేది. పక్కకు తిరిగితే ఆకు చిరిగిన చప్పుడు. కాసేపటికి చిరిగింది ఆకో నేనో తెలిసేది కాదు. వాడిన ఆకులు తీసేటప్పుడు వాటి మీద నా చర్మం ఉండేది. ఆమె వాటిని నాకు కనబడకుండా చుట్టి తీసుకెళ్ళేది. ఆ రోజుల్లో నాతో మాట్లాడ్డం తగ్గించేసింది. చెయ్యడం మాత్రం తగ్గించలేదు.

ఒక పొద్దున వణుకుతో జ్వరం వచ్చింది. విజయ నన్నేమీ అడగలేదు. రమేష్‌ను పిలిచింది. అతను కారు వెనక సీటు మీద ఆకులు పరిచి నన్ను పడుకోబెట్టి, "బావా, నిన్ను విస్తట్లో వడ్డించుకుని మరీ తీసుకెళ్తున్నాం. ఈసారి లిఫ్టు దగ్గర నేనుంటా" అన్నాడు. నవ్వితే పెదవి పగిలింది. అయినా నవ్వాను.

ముందు జ్వరం తగ్గించారు. తర్వాత మిషను. దాని గది డయాలసిస్ వార్డు దాటాక చివరన ఉంది. చక్రాల కుర్చీలో నన్ను ఆ వరండాలో ఆపారు. ఒకవైపు వరసగా మంచాలు, మిషన్లు. నేను కళ్ళు మూసుకుని, రమేష్‌తో "చూశావా, నేను చెప్పలా, అదే ఇది" అన్నాను.

"ప్రసాద్ గారేనా?" అని పక్కనుంచి ఎవరో అన్నారు. "మొహం గుర్తు పట్టలేదు కానీ గొంతు మీదే."

చూస్తే భద్రు నాయక్. ఎ.కొండూరు దగ్గర తండా. పత్తి వేసినన్నాళ్ళూ మందు నా దగ్గరే కొన్నాడు. తన వంతు కోసం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"మీకూ కిడ్నీయేనా?"

"కాదంటున్నారు. మిషను మాత్రం ఎక్కాలంట."

"ఏ గది?"

"ఆ చివరది."

భద్రు నవ్వాడు. "ఆ గదికి వచ్చేవాళ్ళని చూస్తానే ఉంటానండి. నాలుగు రోజులు వస్తారు, మళ్ళీ కనబడరు. మొదట్లో చచ్చిపోతున్నారేమో అనుకున్నా. ఒకాయన ఓసారి స్వీటు డబ్బా పట్టుకొచ్చి అందరికీ పంచిపోయాడు. అప్పుడు తెలిసింది. నాది బస్సు పాసండి, మీది టికెట్టు. మీకు దిగే స్టేజీ ఉంది."

నేను ఆ చివరి గది తలుపు వైపు చూశాను.

"ఇంకో మాట. మా మిషన్ని మీ కొట్టు కాడ ఏదేదో అంటున్నారంట. మా అబ్బాయి చెప్పాడు. అది లేకపోతే ఈపాటికి నా ఫొటోకి దండ ఉండేది. దాన్ని తిట్టమాకండి."

ఈ మాట అన్నాక నా చెప్పు ఒకటి జారిపోతే వంగి తీసి నా కాలికి తొడిగాడు. కాలి మీద పొక్కులు చూసి కూడా తొడిగాడు. ఇన్నేళ్ళుగా అతని లాంటివాళ్ళ ఇంటి సంగతులు విని జాలిపడ్డాను తప్ప, ఆ మిషను మీద ఏమాలోచిస్తూ పడుకుంటారని ఒక్కణ్ణీ అడగలేదు.

ఇక ఆ గదిలో సంగతి. ఇది రాయడానికే మొదటినుంచీ తొందరపడుతున్నాను. మెడ దగ్గర తిమ్మిరి సూది వేసి గొట్టం పెట్టారు. నొప్పి అప్పటికి నేను పడుతున్నదానితో పోలిస్తే ఏపాటిదీ కాదు. గొట్టంలో నా రక్తం ఎర్రగా వెళ్ళింది. మిషనులో మర గుయ్యిమని తిరిగింది. ఇంకో గొట్టంలో ఎర్రదనం వెనక్కి వస్తోంది. పక్కన వేలాడుతున్న సంచిలోకి మాత్రం పల్చటి నువ్వులనూనె రంగు నీరు దిగుతోంది. అదే ప్లాస్మా. నా చర్మాన్ని తింటున్నది అందులోనే ఉంది. ఇన్నాళ్ళూ కంటికి కనబడని శత్రువు సంచిలో నిండుతుంటే చూస్తూ పడుకున్నాను. తీసిన దాని బదులు సీసాల్లోని మందునీరు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇచ్చిన ప్లాస్మా నాలోకి ఎక్కించారు. చలేసింది. పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది. చెప్పగానే కాల్షియం ఇచ్చారు, దుప్పటి కప్పారు. అది తగ్గింది.

డాక్టరమ్మ వచ్చి ఎలా ఉందంది.

"అమ్మా, ఒక సంగతి అడుగుతా. మా దగ్గర కలుపు మందు కొట్టిన స్ప్రేయర్ని కడక్కుండా దాంతోనే పత్తికి మందు కొడతారు కొందరు. అడుగున మిగిలిన కలుపు మందుకి పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. పత్తికి కొట్టిన మందు మంచిదే, ట్యాంకే పాడు. ఇప్పుడు మీరు నా ట్యాంకు కడుగుతున్నారు. అంతేనా?"

ఆమె నవ్వింది. "అంతే. కానీ లోపల ఆ కలుపు మందు తయారుచేసే చెయ్యి ఇంకా ఉంది. దాన్ని ఆపడానికే మిగతా మందులు. ట్యాంకు కడిగారని అవి మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఈ మాట మీ విజయగారికి కాదు, మీకే చెప్తున్నా."

"ముందే ఇలా చెప్తే పారిపోయేవాణ్ణి కాదు కదమ్మా."

"చెప్పబోయేలోపు మీరు బాత్రూముకి వెళ్ళారు" అంది.

రోజు విడిచి రోజు అలా కొన్నిసార్లు జరిగింది. మధ్యలో ఒకసారి జ్వరం వచ్చి భయపెట్టింది. ప్రతి పొద్దునా విజయ ఫోన్ లైటు వేసి నా వీపంతా వెతికేది, కొత్త పొక్కుల కోసం. ఒక పొద్దున వెతికి వెతికి ఆగింది.

"ఏవండీ, కొత్తవి లేవు."

"సరిగ్గా చూడు."

"లేవండీ. పాతవి కూడా అంచులు ఎండుతున్నాయి."

కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నర్సులు పరుగెత్తుకొచ్చారు, ఏమైందోనని. ఆఖరి విడత అయ్యాక మెడలో గొట్టం తీసేశారు. మంచం మీంచి కాళ్ళు కింద పెట్టి, ఎవరి భుజం పట్టుకోకుండా వరండాలో నడిచాను. భద్రు మంచం మీద ఉన్నాడు. చెయ్యెత్తి, "స్టేజీ వచ్చిందా?" అన్నాడు. స్వీటు డబ్బా రమేష్ అప్పటికే తెచ్చాడు.

ఈ వేసవి

తిరిగి కొట్టు తెరిచాను. సుబ్బారావు గాజు గ్లాసులో టీ తెచ్చాడు. అందరూ పలకరిస్తున్నారు, నేను వరసపెట్టి చెబుతున్నాను, ఆ మిషను వేరని. అప్పుడు ఎవరో అన్నారు, "రెడ్డిగూడెం నాగేశ్వరరావు భార్యక్కూడా ఇదేగా. ఆకుల మీద పడుకోబెట్టారంట. మిషను ఎక్కమంటే ఎక్కలా."

నా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాను. ఆ రోజు కొట్టులో అతను నిలబడిన చోటు, అడిగిన తీరు, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

మధ్యాహ్నానికి విజయా, నేనూ, రమేష్ రెడ్డిగూడెంలో ఉన్నాం. ఇంటి ముందు కోసిన కాయలు కుప్పగా ఉన్నాయి, బుట్టలకెత్తేవాళ్ళు లేరు. నాగేశ్వరరావు కూర్చోమనలేదు.

"తప్పు చెప్పానయ్యా. అది డయాలసిస్ కాదు. నేను ఎక్కాను, దిగాను" అన్నాను.

"మీరే కదండీ చచ్చినా వద్దన్నారు" అన్నాడు. గొంతు పెంచలేదు. "డాక్టర్లు నాకు తెలీదు, మీరు తెలుసు. పదేళ్ళ నుంచి మీరు చెప్పిన మందే తోటకు కొడుతున్నా."

 చొక్కా విప్పి వెనక్కి తిరిగి నిలబడ్డాను. వీపంతా నల్ల మచ్చలు, కానీ మూసుకున్న చర్మం. అతను వేలుతో ఒత్తి చూశాడు, కాయ పండిందో లేదో చూసినట్టు. లోపలి గదిలో తెర వెనక ఆకు కదిలిన చప్పుడైంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

"అన్నయ్యగారూ" అని తెర వెనక నుంచి కోటేశ్వరమ్మ పిలిచింది. నోటి పుళ్ళతో మాట ముద్దగా వస్తోంది. "కారం తింటున్నారా?"

"మొన్ననే మొదలుపెట్టానమ్మా."

"ఏ కారం?"

"ఈ యేటి కొత్త ఆవకాయ. మొదట ముక్క కడుక్కుని తిన్నాను. ఇప్పుడు కడగడం లేదు."

 నాగేశ్వరరావు కూడా తెర వైపే చూస్తున్నాడు.

"ఎక్కితే దిగుతానా?"

"నేను దిగాను. నీ సంగతి డాక్టరమ్మే చెప్పాలి. మళ్ళీ ఎప్పుడన్నా ఎక్కాల్సి రావచ్చు, మందులు మాత్రం మానకూడదు. ఇంతకన్నా నేను చెప్పను. ఇంతకుముందు ఎక్కువ చెప్పాను."

విజయ తెర తీసి లోపలికి వెళ్ళింది. ఆడవాళ్ళిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చి, "రమేషూ, వీళ్ళ పెరట్లో అరటాకులు కొయ్యి, కారులో పరవాలి" అంది.

దారి పొడవునా వెనక సీటులో కోటేశ్వరమ్మ కింద ఆకుల చప్పుడు వింటూ ముందు సీటులో కూర్చున్నాను. ఆలస్యం చేయించింది నేను. ఆ చప్పుడు ఆగిపోతే ఏమిటని పడినంత భయం, నా సొంత జ్వరం రోజున కూడా పడలేదు.

ఇది రాస్తుండగా నిన్న నాగేశ్వరరావు ఫోన్ చేశాడు. కొట్టులో జనం ఉన్నారు. స్పీకరు పెట్టాను, మొదటి మాట విన్నవాళ్ళే ఈ మాట కూడా వినాలని.

"దిగింది ప్రసాద్ గారూ. గొట్టం తీసేశారు. నాలుగు రోజులుగా కొత్త పొక్కు లేదు. మీ భద్రు నాయక్ టికెట్టు చూపించమని వేళాకోళం చేస్తున్నాడు."

వెనక నుంచి ఆమె గొంతు వినబడింది, ఇంకా ముద్దగానే. "ఆవకాయ ఇంకా కొన్నాళ్ళు ఆగాలంట. వదినగారిని చిన్న జాడీ ఒకటి నా పేరున పక్కన పెట్టమనండి."

 సుబ్బారావు టీ గ్లాసులు సర్దుతూ, "అయితే ఆ మిషను వేరే అన్నమాట" అన్నాడు.

"వేరే" అన్నాను.

ఇంటికి వెళ్ళి విజయకు చెప్పాను. ఆమె కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళి రెండు అరటాకులు కోసుకొచ్చి కడిగింది. ఆకులు చూడగానే నా వీపు జలదరించింది.

"మళ్ళీ ఎందుకే అవి?"

"భోజనానికి" అంది, ఒక ఆకు నా ముందు పరుస్తూ. "కూర్చోండి."